ఆయమ్మ నోటుబుక్కులు

నా దగ్గరికి రాతప్రతి తెచ్చేవాళ్లు మొదట అనే మాట, కొంచెం అచ్చుతప్పులు చూస్తే చాలు మేడం అని. రెండో మాట, మీరు పాతబస్తీలోనే ఉంటారా అని. మొదటిదానికి నవ్వి ఊరుకుంటాను. రెండోది వింటే ఒళ్లు మండుతుంది. పార్కింగ్ దొరకదంటారు, ట్రాఫిక్ అంటారు, అటువైపు ఏదైనా మంచి కాఫీ షాపులో కూర్చుందామంటారు. కూర్చోము. నేను శాలిబండలో పుట్టాను. మా నాన్న కట్టిన ఇంట్లో, పైగదిలో కూర్చుని తెలుగు పుస్తకాలు దిద్దుతాను. నయాపూల్ వంతెన దాటి ఇటు పాతబస్తీకి రావడానికే జంకేవాళ్లు తమ బతుకు గురించి ఏం నిజం రాస్తారని నా అనుమానం.

ఒక పత్రిక డెస్కులో చాలా ఏళ్లు పనిచేసి, ఇంకొకరి కింద పనిచేయడం ఇక నా వల్ల కాదని బయటికొచ్చాక ఈ పని మొదలుపెట్టాను. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునేవాళ్లు నా దగ్గరికి వస్తారు. ఎక్కువమంది రిటైరైనవాళ్లు. మా పక్కింటావిడ ఇప్పటికీ నేను ట్యూషన్లు చెబుతాననే అనుకుంటుంది. పెద్ద వయసువాళ్లకు చెబుతాను కాబట్టి పాపం పిల్లలు దొరకలేదేమోనని జాలి కూడా పడుతుంది.

నాకొక నియమం ఉంది. రాసినవాళ్లు ఒక్కసారైనా మా ఇంటికి వచ్చి, తమ పుస్తకంలోంచి పది పేజీలు తమ నోటితో చదవాలి. అలా చదవనివాళ్ల పని ఒప్పుకోను. కాగితం మీద అబద్ధం హాయిగా కూర్చుంటుంది కానీ గొంతులో కూర్చోదు. ఎక్కడ గొంతు జారితే అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకుంటాను. ఇది ఏ పుస్తకంలోనూ నేర్చుకున్నది కాదు. ఒక తప్పు చేసి నేర్చుకున్నాను.

మా దగ్గరలోనే హోల్‌సేల్ కిరాణా చేసే ఒక కుటుంబం తమ వంశచరిత్ర పుస్తకంగా వేయించుకుంది. ఆ వ్యాపారం మొదలుపెట్టిన పెద్దాయన మొదట ఇదే బజారులో బస్తాలు మోసిన హమాలీ. ఆ మాట తీసేసి, చిన్న పెట్టుబడితో వచ్చాడని రాయమన్నారు. రాశాను. నా సొంత చేతుల్తో ఆయన వీపు మీది బస్తా దించేసి, జేబులో లేని డబ్బు పెట్టాను. అట్ట బాగుంది, కాగితం బాగుంది, లోపల మనిషే లేడు. ఆ పుస్తకం ఎవరి ఇంట్లో కనపడినా నాకు ఇప్పటికీ తల కొట్టేసినట్టు ఉంటుంది. ఇంకెప్పుడూ ఆ పని చేయకూడదనే ఈ చదివించే నియమం పెట్టుకున్నాను.

రెండేళ్ల కిందట ఒక స్కూలు టీచరు వచ్చింది. నలభై దాటి ఉంటాయి, ఇస్త్రీ చీర, భుజానికి సంచి, చేతిలో పెన్‌డ్రైవు. వాళ్లది బహదూర్‌పురా. తల్లి ఒక సర్కారు ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైందట. ఆ రోజుల గురించి నోటుబుక్కుల్లో రాసుకుందట. కూతురు వాటిని టైపు చేసింది. మూడు వందల కాపీలు వేసి చుట్టాలకు, చర్చివాళ్లకు, స్కూల్లో తోటి టీచర్లకు పంచాలని ఆమె కోరిక. మంచి కోరికే. ఫైలు ఉంచుకుని, చదివి చెబుతానన్నాను.

చదువుతుంటే ఏదో తేడా కొట్టింది. ఒక వాక్యంలో "నేను ఆమెకు ఇంజక్షన్ ఇచ్చి, డాక్టరుగారికి నివేదించాను" అని ఉంటుంది. చచ్చిన వాక్యం. దాని పక్కనే, అన్నం తినేటప్పుడు కూడా చేతులకు ఫినాయిల్ వాసన పోయేది కాదని ఉంటుంది. ఏ మంచం కోడు ఊగుతుందో, ఏ తూము ఎప్పుడు నిండుతుందో, నొప్పులు పడే మనిషి కాళ్లు జారకుండా ఎక్కడ గోనెపట్టా వేయాలో ఈమెకు తెలుసు. డాక్టర్లను మొహాలతో కాదు, చెప్పులతో గుర్తుపడుతుంది. పుస్తకమంతా నేల దగ్గర కూర్చుని చూసినట్టుంది. నర్సు నిలబడి పనిచేస్తుంది. నేల దగ్గర కూర్చునేది ఆ నేల తుడిచే మనిషి. ఇంకో చోట ఇలా ఉంది: బిడ్డ పుట్టగానే బయటికెళ్లి, తల్లీబిడ్డా మంచిగున్నారని మాత్రమే చెప్పేదట. ఆడో మగో రెండుసార్లు అడిగితే గానీ చెప్పేది కాదట. ఆ కాస్తసేపన్నా ఆ బిడ్డ ఉత్త బిడ్డగా ఉండనీ అని. అది చదివి నేను లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. ఇంత బాగా రాయగలిగిన మనిషి "నివేదించాను" అని ఎందుకు రాస్తుంది?

కూతురికి ఫోన్ చేసి అమ్మను తీసుకురమ్మన్నాను. మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు, నేనే చదువుతాను అంది. నేనే కిందికి దిగుతానన్నాను. ఎండ అంది. పొద్దున్నే రమ్మన్నాను. నాతో వాదించి గెలవడం కష్టమని చివరికి ఒప్పుకుంది.

ఆదివారం పొద్దుటి ఆరాధన అయ్యాక ఇద్దరూ ఆటోలో వచ్చారు. తల్లి సన్నటి మనిషి, తెల్లచీర, చేతిలో గుడ్డసంచి. సంచిలో ఆరు పొడుగు నోటుబుక్కులు ఉన్నాయి. అవెందుకు తెచ్చావని కూతురు దారంతా అడిగిందట. బుక్కు గురించి పోతూ బుక్కులు తేకుంటే ఎట్లా అందట పెద్దావిడ. కింది గదిలో కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, టైపు చేసిన ప్రతి ఆమె చేతికిచ్చాను. టైపు ప్రతిని ఆమె చూడడం అదే మొదటిసారి.

వేలు పెట్టుకుని, బైబిల్ చదివినట్టు నెమ్మదిగా చదివింది. ఆమె చదువు నేర్చుకున్నది దాంట్లోనే. మూడు పేజీలు బాగానే నడిచాయి. నాలుగో పేజీలో ఇంజక్షన్ దగ్గర వేలు ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. కళ్లద్దాలు తీసి నా వైపు చూసింది.

"ఇది ఎవల ముచ్చట బిడ్డా?"

"నీదే అమ్మా" అంది కూతురు.

"నేను సూది ఎప్పుడేసిన? ఏస్తే ఎవలన్న సచ్చిపోదురు."

నేను నవ్వాను. కూతురు నవ్వలేదు. అప్పుడు విషయం బయటికొచ్చింది. పెద్దావిడ నర్సు కాదు, ఆయమ్మ. వార్డు ఊడ్చి, కడిగి, నెత్తురు గుడ్డలు ఎత్తి, నొప్పులు పడేవాళ్ల నడుము రుద్దుతూ ముప్పై ఏళ్లు గడిపింది. కూతురు టైపు చేస్తూ చేస్తూ ఆయమ్మను నర్సును చేసింది. బకెట్టు తీసేసి చేతికి సూది ఇచ్చింది. అయితే ఫినాయిల్ వాసన తీయడం మర్చిపోయింది.

ఎందుకిలా చేశావని అడిగాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా, ఆమె గొంతు పెరిగింది. ఉద్యోగంలో చేరిన రోజు ఎవరో అడిగితే మా అమ్మ నర్సని చెప్పిందట. అప్పటి నుంచి అదే మాట. ఇప్పుడు అదే స్టాఫ్‌రూములో తన చేతులతో పుస్తకం పంచి, ఇన్నేళ్లూ మీతో అబద్ధమాడానని చెప్పుకోవాలా అంది.

"మీకేంది మేడం, కామాలు పెట్టి పక్కకు జరుగుతరు. రేపు వాళ్ల మొఖం చూడాల్సింది నేను."

అక్కడ నాకు కోపం నషాళానికి అంటింది.

"కామాలు పెట్టెటోళ్లు మస్తుమంది ఉన్నరు. ఆడికి పో. గిట్లనైతే ఈ బుక్కు మీద నేను చెయ్యి పెట్ట" అన్నాను.

ఇద్దరం అమ్మ వైపు చూశాం. ఆమె చీరకొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటోంది. పోనియ్ బిడ్డా, దాని ఇజ్జత్ దానికి ఉంటది కద, దాని ఇష్టమున్నట్టు రాసుకోనియ్ అంది. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. ముప్పై ఏళ్ల చాకిరీని ఒక్క మాటతో కూతురి చేతిలో పెట్టేస్తోంది. ఎవరి తరఫున నేను కొట్లాడుతున్నానో ఆ మనిషే నన్ను వదిలేసింది.

ఊరుకోవచ్చు. నేను ఊరుకునే రకం కాదు. నీ రాత ముందు ఈ టైపు ఎంత పేలవంగా ఉందో విను అని చెప్పి, ఒక నోటుబుక్కు లాగి తెరిచాను. తెరిచిన పేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకు పెన్సిల్ గీత ఉంది. కూతురు కొట్టేసిన పేజీ. టైపు ప్రతిలో లేదు. ముందు నాలో నేను చదువుకుని ఉండాల్సింది. కోపంలో గట్టిగా చదివేశాను.

"ఇయ్యాల ఇస్కూలు పిల్లలు పేషెంట్లకు పండ్లు పంచుతందుకు వార్డుకొచ్చిన్రు. లైన్ల నా బిడ్డ సుత ఉన్నది. నా చేతిల బకెట్ ఉన్నది. అది నన్ను చూసింది. చూసి పక్క పిల్లతోని మాట్లాడుకుంట పోయింది. నేను గోడ దిక్కు తిరిగి గోడ తుడిచిన. తుడిచిందే మల్ల తుడిచిన. ఆళ్లు పోయేదాక తుడిచిన. నా బిడ్డకు మాట రాకుండ చేసిన అని సంతోషమైంది."

చదవడం అయ్యాక నాకు తలెత్తాలనిపించలేదు. కూతురు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నేల వైపు చూస్తోంది. నేను చేసింది మంచి పని కాదని తెలుసు. కానీ నా వృత్తి బుద్ధి చెడ్డది. ఆ సిగ్గులోనే, ఈ పుస్తకంలో ఇంతకంటే గొప్ప పేజీ లేదని కూడా అనుకున్నాను.

పెద్దావిడ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది.

"గప్పుడంటే గోడ దిక్కు తిరిగిన. ఇగ తిరగ."

ఎవరితో అంటోందో నాకు మొదట అర్థం కాలేదు. ఇద్దరితోనూ అంది. తర్వాత నా చేతిలోంచి నోటుబుక్కు తీసుకుని, ఆ పేజీ మీద వేలు పెట్టి చూపించింది.

"ఇది నా బిడ్డ గురించి. దీన్ని తీసెయ్. నా బిడ్డను నలుగుట్ల నిలబెట్టెతందుకు నేను రాయలే. కడమదంత నాది. ఊడ్చిన, కడిగిన, ఎత్తిపోసిన. అండ్ల ఒక్క ముక్క మారినా నాకు ఈ బుక్కే ఒద్దు."

ఆ పేజీ కోసం నేను బతిమాలాను. పుస్తకానికి ప్రాణం అదేనన్నాను. ఆమె వినలేదు. ఇంతకాలం రచయితల అబద్ధాలతో పోట్లాడాను కానీ, తన పుస్తకంలో ఏది ఉండాలో ఏది పోవాలో ఇంత స్పష్టంగా తెలిసిన రచయితను నేను చూడలేదు. అలాంటి మనిషి దగ్గర నా మొండితనం చెల్లదు. సరేనన్నాను. కూతురు తల్లి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది. మళ్లీ రాదనే అనుకున్నాను.

పది రోజులకు మొదటి అధ్యాయం వచ్చింది. మళ్లీ కొత్తగా టైపు చేసింది, నోటుబుక్కులో ఎలా ఉందో అలా. ఇంజక్షన్లు లేవు, నివేదికలు లేవు, బకెట్టు తిరిగొచ్చింది. వెంట మెసేజ్ ఏమీ లేదు. అలా వారానికొకటి పంపింది. నేను దిద్దాల్సింది చాలా తక్కువ. ఆయమ్మ ఏంటి, ఆసుపత్రి పరిచారిక అనొచ్చు కదా అని అచ్చు వేసే ఆయన సలహా ఇచ్చాడు. ఆ సలహా తన దగ్గరే పెట్టుకోమన్నాను.

ఆఖరి ఫైలు తెరిచినప్పుడు పేజీల లెక్క ఒకటి ఎక్కువైంది. ఆ పేజీ ఉంది. పండ్లు పంచిన పిల్లలు, బకెట్టు, గోడ, అన్నీ ఉన్నాయి. అడుగున ఒక గీత గీసి, దాని కింద నోటుబుక్కులో లేని రెండు వాక్యాలు కొత్తగా ఉన్నాయి. "ఆ లైన్లో ఉన్న పిల్లను నేనే. ఈ పుస్తకం టైపు చేసింది నేనే."

వెంటనే ఫోన్ చేశాను. అమ్మ తీసేయమంది కదా, ఆమెను అడగకుండా నేను ఉంచలేనన్నాను.

"నా గురించి అని తీసెయ్యమన్నది మేడం. నా గురించైతే నేను చెప్పాలె కద. ఉండనియ్యుండి."

అమ్మకు చెప్పావా అని అడిగాను. దగ్గర కూర్చోబెట్టి, కింది రెండు వాక్యాలతో సహా చదివి వినిపించానంది. మరి అమ్మ ఏమంది?

"మొత్తం ఇన్నది. ఇన్నంక అన్నది, ఆ గోడ పచ్చరంగుదని రాసుడు మరిశిందట. రాయమన్నది."

రాశాను. ఆ పుస్తకంలో నేను చేర్చిన మాట అదొక్కటే. మూడు వందల కాపీలు అచ్చయ్యాయి. కట్టలు తీసుకోవడానికి కూతురే వచ్చింది. చర్చికి తర్వాత ఇస్తానంటూ, మొదటి కట్ట భుజాన పెట్టుకుని అటు నుంచి అటే స్కూలుకు వెళ్లింది.