కార్లకు తైబజారు

సిద్దిపేట కొత్తగా జిల్లా అయిన రోజుల్లో, అక్కడికి దగ్గర్లోని ఒక మునిసిపాలిటీకి నన్ను టౌన్ ప్లానింగ్ ఆఫీసరుగా బదిలీ చేశారు. ఊరి పేరు రాయను. అక్కడి కూరగాయల బజారు అసలే ఇరుకు, దాన్నిండా కార్లే. మనిషి నడవడానికి సందుండేది కాదు.

బజారు మలుపులో రాజవ్వ అనే పెద్దావిడ కూరగాయలు అమ్మేది. బెజ్జంకి నుంచి వచ్చేది. నేను కనబడితే చాలు, ఆపేది. "సారూ, గీ కార్లన్ని అడ్డం పెడితె నా కాడికి గిరాకి ఎట్లొస్తది? ఏందన్న చెయ్యి" అనేది. భర్త పోయాడు, ఆ జాగా తప్ప ఆమెకు ఇంకో ఆధారం లేదు.

కమిషనరుకు నోట్ పెట్టాను. రద్దీ వేళల్లో బజారులోకి వచ్చే కారుకు రుసుము వేద్దాం, అంత అవసరం లేనివాళ్లు బయటే ఆగిపోతారు అని. ఉద్దేశం వసూలు కాదు, కార్లు తగ్గడం. ఆ మాట కింద గీత కూడా గీశాను. కౌన్సిల్ ఒప్పుకుంది. ఆ డబ్బు ఏ పద్దు కింద జమ చేయాలో మాత్రం తేలలేదు. అకౌంట్స్ వాళ్లు వెతికి వెతికి తైబజారు కింద వేశారు. తైబజారంటే రోడ్డు పక్కన కూర్చుని అమ్ముకునేవాళ్లు ఆ జాగాకు కట్టే రుసుము. దాని వసూలు హక్కును ఏటా వేలం వేస్తారు. కార్ల రుసుమునూ అలాగే వేలం వేశారు. వద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "పేర్ల ఏమున్నది సార్" అన్నాడు మా ఆఫీసు మేనేజరు.

ఏమున్నదో త్వరలోనే తెలిసింది. వేలం పాడిన గుత్తేదారుకు కార్లు తగ్గితే నష్టం. అతని మనుషులు మెయిన్ రోడ్డు మీద నిలబడి, తమ దారిన పోయే కార్లను చెయ్యూపి లోపలికి పిలిచారు! కార్లవాళ్లు కూడా తైబజారు రసీదే కదా అని, "పైసలు కట్టినం, గీ జాగ మాది" అంటూ పొద్దంతా అక్కడే పెట్టుకున్నారు. చోటు చాలక గుత్తేదారు రాజవ్వను ఆమె జాగాలోంచి లేపేశాడు. రద్దు చేయమని మళ్లీ రాశాను. ఆదాయం వస్తుంటే ఎందుకన్నారు.

రాజవ్వ ఆఫీసుకొచ్చింది. తిట్టినా బాగుండేది. "నీ కాల్మొక్త సారూ, ఎప్పటి లెక్కనే ఉండనియ్యి. కార్లు అడ్డమున్నా మంచిదే, నా జాగ నాకియ్యి" అంది. నా చేతిలో ఏమీ లేదు. ఆ తర్వాత ఆమె మళ్లీ ఆ బజారులో కనబడలేదు.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు ఒక్కటే చెబుతాను. రద్దీ తగ్గించడానికి పెట్టిన రుసుమును, రద్దీ మీద బతికేవాడి చేతికి ఇవ్వకూడదు. వసూలు ఎవరిదో ముందే తేల్చుకోలేకపోతే నోట్ పెట్టకండి. ఊరుకుంటే కనీసం రాజవ్వ జాగా రాజవ్వకు మిగిలేది.