ఉప్పుకుండలో దాచిన టిక్కెట్టు

మొన్న మా మనవరాలు ఫోను పట్టుకుని ఇల్లంతా గెంతింది. నెలనెలా వాళ్ళ నాన్న దాని పేరున వేసే డబ్బులు సైకిలుకి సరిపోయాయట. తెర మీద అంకె చూపిస్తూ నా సొంత డబ్బులు, నా సొంత డబ్బులు అని అది గంతులేస్తుంటే, అరిగిపోయిన నా మోకాళ్ళు కూడా లేచి ఆడబోయాయంటే నమ్మండి. పదేళ్ళ వయసులో నౌపడలో నేనూ అచ్చం అలాగే గెంతినదాన్నే. కాకపోతే నా గెంతులు సైకిలు కోసం కాదు, పాతపట్నం వెళ్ళే చిన్నరైలు కోసం.

అప్పట్లో మా స్టేషన్లో పెద్ద రైళ్ళకి ఓ పక్కగా ఆ బుల్లి రైలు ఆగి ఉండేది. ఉప్పు మడుల్లో కూలి చేసే నాన్నకి అన్నం పట్టుకెళ్తూ రోజూ దాన్ని చూసి చూసి, ఒక్కసారైనా ఆ కిటికీ పక్కన కూర్చోవాలని ప్రాణం కొట్టుకుపోయేది. అడిగితే నాన్న కాదనలేదు గానీ, ఊరికే ఔననీ అనలేదు.

"నీ టిక్కెట్టు డబ్బులు నువ్వు కూడబెట్టుకో అమ్మీ, పాతపట్నం సంతకి తీసికెల్తాను" అన్నాడు.

ఇక చూడండి నా హడావిడి! చుట్టాలు వెళ్తూ వెళ్తూ చేతిలో పెట్టినవీ, పక్కింటి పెద్దమ్మకి నీళ్ళు మోసి తెచ్చుకున్నవీ, అన్నీ అప్పుడప్పుడే వచ్చిన తేలికపాటి సత్తు పైసా బిళ్ళలు. ఎక్కడ దాచాలా అని ఆలోచించే పనే లేదు, మా నాయనమ్మకి ఉప్పుకుండే లక్ష్మీదేవి మరి. దాని అడుగున ఆవిడ వేసిన పాత వెండి రూపాయి ఏళ్ళ తరబడి ఉంది. నేనూ నా బిళ్ళల్ని ఆ తడి గల్లుప్పులోకి వేలితో గుచ్చి దింపేదాన్ని. లక్ష్మిని మాటిమాటికీ కదపకూడదని నాయనమ్మ అంది కనుక ఒక్కసారీ తీసి చూసుకోలేదు.

సంతరోజు పొద్దున్నే తలకి నూనె రాసుకుని, ఉతికిన పావడా కట్టుకుని, కుండ వంచాను. నాయనమ్మ రూపాయి నల్లబడిందంతే. నా బిళ్ళలు మాత్రం తెల్లటి బూజులాంటిది పట్టి, అంకెలు చెరిగి, చిల్లులు పడి ఉన్నాయి. ఏ కొట్టువాడూ ముట్టుకోని సరుకు! నాయనమ్మ ఓలమ్మో అని నోరు నొక్కుకుంది, నేను ఇల్లెగిరిపోయేలా ఏడ్చాను.

నాన్న ముందు నవ్వాడు. తరవాత గుమ్మంలో కూర్చుని, పగుళ్ళు బారిన కాళ్ళు నా ముందుకి చాపాడు.

"ఉప్పు నా కాళ్ళనే తినేస్తన్నాది, నీ పైసల్ని ఒగ్గేస్తాదేటి?" అన్నాడు.

పోనీ టిక్కెట్టు తనే కొంటాడేమోనని ఆశగా చూశాను. ఊహూ! ఉప్పులో పోయింది ఉప్పుతోనే తెచ్చుకోమన్నాడు. ఆ వారం కూలిలో కొంత ఉప్పుగానే తీసుకుని, ఒక బుట్ట నా నెత్తికెత్తాడు.

మొదటి వీధిలో ఉప్పోయ్ ఉప్పు అన్న నా కేక నాకే వినబడలేదు, రెండో వీధికి ఊరంతా వినబడింది! తవ్వతో కొలిచి పోస్తుంటే, కొసరుగా ఇంకో గుప్పెడు వెయ్యమనే అమ్మలక్కలతో నేనూ దీటుగా బేరమాడాను. పైసలు పావడా అంచున ముడి వేసుకుని, రాత్రి పడుకున్నా ఆ ముడి వదల్లేదు. మళ్ళీ సంతకి టిక్కెట్టు నా గుప్పిట్లో ఉంది. రైలు కూత వేసి కదిలితే, నేను అంతకంటే పెద్ద కూత వేశాను. కళ్ళల్లో బొగ్గు నలుసులు పడుతున్నా కిటికీలోంచి తల లోపలికి తీస్తే ఒట్టు.

మిగిలిన పైసలతో సంతలో ఎర్రగాజులు కొనుక్కున్నాను. నాన్న కూడా మురిసిపోయి, నా చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

ఇప్పుడు ఆ చిన్నరైలూ లేదు, నాన్నా లేడు. డబ్బు పిల్లల చేతికి తగలకుండానే వస్తోంది, తగలకుండానే పోతోంది. అది ఎవరు ఎంత కష్టపడితే వచ్చిందో ఆ తెర మీద కనబడదు కదే తల్లీ అని మనవరాలితో అనబోయి, నోరు మూసుకున్నాను. నాకు కనబడింది కదా! నాన్న కాళ్ళు చాపి మరీ చూపించాడు. ఆ గాజుల కొట్టు పక్కనే కాళ్ళ పగుళ్ళకి రాసే ఆముదం అమ్ముతున్నారు, చిన్న సీసాకి నా దగ్గరున్న పైసలు సరిపోయేవి. ఆ వేళ నాకు తట్టనేలేదు.