నాయన చల్లార్చిన గ్రాఫిక్స్ కార్డు

ఆ రోజుల్లో నా ధైర్యమంతా ల్యాప్‌టాప్ ఫ్యాను చప్పుడు మీదే ఆధారపడి ఉండేది. చప్పుడు లేకపోతే గ్రాఫిక్స్ కార్డు పనిచేయడం లేదని భయం, ఉంటే ఎప్పుడు ఆగిపోతుందోనని భయం. బుక్కరాయసముద్రంలో మా ఇంటి వెనకగదిలో కూర్చుని, కట్టబోయే ఇళ్లకు కంప్యూటర్లో బొమ్మలు చేసిస్తానని ఊరంతా చెప్పుకున్నాను గానీ, దొరికిన తొలి బేరం చిలమత్తూరు దంపతులదొక్కటే. సాయంత్రం వాళ్లు వచ్చేసరికి రంగులు, నీడలతో ఇంటి బొమ్మ తయారుగా ఉండాలి. లేకపోతే వాళ్లు బెంగుళూరులో చేయించుకుంటారు, నేను మళ్లీ జిరాక్స్ అంగట్లో పనికి పోవాలి.

ల్యాప్‌టాప్ సెకండ్‌హ్యాండ్‌ది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, కరెంటు ఉన్నంతసేపే దాని ప్రాణం. లోపల గ్రాఫిక్స్ కార్డు ఉన్నా, బొమ్మను నున్నగా తేల్చే రెండరింగ్ పనంతా ప్రాసెసరు నెత్తిన పడేది. అలాగైతే తెల్లారేదాకా కాదు. పొద్దున్నుంచి కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి, మళ్లీ వేసి, సెట్టింగులన్నీ గెలికాను. చివరికి ఫ్యాను గుయ్యిమని లేచింది. కార్డు కదిలిందని సంబరపడేలోగా తెర నల్లబడింది. తలపైన సీలింగు ఫ్యాను తిరుగుతూనే ఉంది కాబట్టి కరెంటు పోలేదు. ఎంత నొక్కినా పలకని ల్యాప్‌టాప్ కాసేపటికి తనంతట తానే లేచింది (నా మొక్కుల మహిమ అనుకున్నాను). తప్పు కొత్త సెట్టింగుదేనని తీర్మానించి దాన్ని మార్చేశాను. ఫ్యాను మూగబోయింది. మళ్లీ గెలికితే మళ్లీ గుయ్యి, మళ్లీ నలుపు. ఏడుపు ఆపుకోలేక, నీళ్లు తాగుదామని ముందుగదిలోకి వచ్చాను. నా గదిలో ప్లగ్గు కాలిపోవడంతో వైరు అక్కడినుంచే లాక్కున్నాను. ఆ స్విచ్చి మీద నాయన చెయ్యి ఉంది.

“ఏం చేస్తాండావ్ నాయనా!”

“శానా గట్టిగా అరస్తాండాది పాపా, కాలిపోతాదని ఆపినా. సల్లగయినాక నేనే ఏస్తాలే.”

“పొద్దున్నించీ ఆపింది నువ్వేనా?”

“ఆపేదేంది? కాపాడినా! మన బోరు మోటరు ఇట్లనే అరిసి కాలిపాయె గదా.”

ఆ మోటరు కాలిన ఏడాదే నీళ్లందక మా చీనీ బత్తాయి చెట్లన్నీ ఎండిపోయాయి. అది గుర్తొచ్చి నా కోపం నీరుగారిపోయింది. “ఇది అరిస్తేనే పని చేస్తాండాదని అర్థం నాయనా. అరవనీ,” అన్నాను. పాపం, ఆయన చేతులు కట్టుకుని స్విచ్చి పక్కనే కూర్చున్నాడు. గుయ్యిమన్నప్పుడల్లా మొహం చిట్లించాడే తప్ప ముట్టుకోలేదు.

బొమ్మ సగంలో ఉండగానే చిలమత్తూరు దంపతులు దిగారు. రెండరింగ్ పూర్తికాని గోడలంతా ఇంకా చుక్కలే. “ఇంగా కాలేదన్నా, కొంచేపు కూసోండి,” అంటూ తెరకు అడ్డం నిలబడ్డాను. చిలమత్తూరాయన భార్య నన్ను పక్కకు జరిపి తొంగి చూసింది.

“పాపా, ఇసక సల్లినట్ల ఈ గోడ ఎంత బాగుండాదో! మా ఊర్లో యాడా లేదు ఇట్లాంటిది.”

“మేస్త్రీకి చేతయితాదా ఇది?” అన్నాడు ఆమె భర్త.

“అయితాదన్నా,” అన్నాను, ఎలాగో తెలియకుండానే.

“అయ్యో, సుక్కలు పోతాండాయే!” అందామె. గ్రాఫిక్స్ కార్డు మరి అప్పుడే హుషారుగా పనిచేస్తోంది! దాన్ని ఆపే మీట కోసం కంగారుగా వెతుక్కున్నాను.

చిలమత్తూరులో ఆ చుక్కల ఇల్లు ఇప్పటికీ ఉంది. అటు పోయినప్పుడల్లా కాసేపు నిలబడి చూస్తాను. ఇప్పుడు నా దగ్గరున్న కంప్యూటరు చప్పుడు లేకుండా నిమిషాల్లో బొమ్మ తేల్చేస్తుంది, ఒక్క చుక్కా మిగలదు. నాకూ బెదురు లేదు. కానీ ఇన్నేళ్లలో నిబ్బరంగా చేసిన ఆ బొమ్మల్లో ఒక్కటి చెప్పమంటే, ఏదీ గుర్తుకు రాదు.