రెండు వేళ్లు

గుణదలలో మా వీధి చివర కారు ఆడియో షాపు ఉండేది. ఆ షాపాయన ఏ స్పీకరునైనా పోయిందని తొందరగా అనేవాడు కాదు.

మా కారు ఎడమ తలుపు స్పీకరు మూగబోతే ఆయన దగ్గరికే తీసుకెళ్లాను. తలుపు లోపలి అట్ట విప్పి, స్పీకరు బయటికి తీసి, దాని వెనక రెండు కొసలకూ చిన్న బ్యాటరీ తాకించాడు. స్పీకరు ముందువైపు ఉండే కాగితపు గిన్నె మీద రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు. చప్పుడు లేదు.

నాకు ఓపిక తక్కువ. "పోయినట్టుందండీ, కొత్తది వేసెయ్యండి" అన్నాను.

"ఉండండి. తిప్పి పెట్టి చూద్దాం. అటు కదలంది ఒక్కోసారి ఇటు కదులుద్ది."

బ్యాటరీ తిరగేసి తాకించగానే టక్కుమంది.

"బతికే ఉందండి. వానకి తుప్పుపట్టి బిగుసుకుంది, అంతే."

ఆ తుప్పు దులిపాక స్పీకరు మళ్లీ పాడింది.

మరుసటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆయన భార్యకు గుండెనొప్పి వచ్చింది. మా కార్లోనే ఆసుపత్రికి బయల్దేరాం. ఇంజను ఆన్ చెయ్యగానే పాట మొదలైంది.

"పాట ఆపండి, ఊపిరి వినపడట్లేదు" అన్నాడు, వెనక సీట్లో ఆమె తల ఒళ్లో పెట్టుకుని. పాట ఆపేశాను.

ఆసుపత్రి ముందు డాక్టరమ్మ కార్లోకి వంగి, పరీక్షించి చూసింది. "దారిలోనే పోయారండి" అంది.

ఆయన తన భార్య మెడ మీద కుడివైపు రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు. స్ట్రెచర్ తెచ్చినవాళ్లు కూడా కదలకుండా నిలబడ్డారు. చాలాసేపటికి వేళ్లు తీశాడు.

"ఉండండి" అని, ఎడమవైపు ఆనించాడు.