అత్తయ్య ఆరగట్టిన చేను

క్రితం నెల మండవల్లి నుంచి ఫోను వచ్చింది. మా మేనత్త పోయారు. ఏలూరు నుంచి బస్సులో వెళ్తున్నంతసేపూ చేపల చెరువుల మధ్య మిగిలిన ఆమె వరి చేనే కళ్ళ ముందు మెదిలింది.

మామయ్య పోయాక సేద్యం ఆమే చూసుకున్నారు. పొద్దున్నే చెప్పులు గట్టు మీద విడిచి, కుచ్చిళ్ళు ఎగదోపి చేలోకి దిగేవారు. ఎంత ఎండలోనైనా గొడుగు పట్టేవారు కాదు. "పైరుకి లేని గొడుగు నాకెందుకే" అనేవారు.

కొన్నేళ్ళ కిందట ఒక సంస్థవాళ్ళు ఊళ్ళోకి వచ్చారు. వరిచేలో ఎప్పుడూ నీళ్ళు నిలవుంటే బురదలో మీథేన్ అనే వాయువు పుట్టి భూమిని వేడెక్కిస్తుందని, మధ్యమధ్య నీళ్ళు తీసేసి చేను ఆరగడితే అది తగ్గుతుందని చెప్పారు. అలా తగ్గినదాన్ని దూరాన ఫ్యాక్టరీలు వదిలే పొగకు బదులుగా జమ వేసి, రైతుకు కొంత డబ్బిస్తారట.

"అంటే వాళ్ళు పొగ వదులుతూనే ఉంటారాండీ?" అని అడిగారు అత్తయ్య.

"కొంత వదులుతారండీ. అందుకే ఇక్కడైనా తగ్గిద్దామని."

ఆ జవాబు ఆమెకు రుచించలేదు. అయినా, "సరేలెండి, మన చేలోది మనం తగ్గిద్దాం" అన్నారు. వెనకాడుతున్న పక్క చేను రైతును కూడా ఆమే ఒప్పించారు.

మొదటి పంట బాగానే వచ్చింది. మరుసటి వేసవి పంట దాళ్వాలో ఇద్దరూ చేలు ఆరగట్టారు. తిరిగి తడి పెట్టాల్సిన సమయానికి కాలవలో నీళ్ళు లేవు. ఎగువన చేపల చెరువులు నింపుకుంటున్నారు. పైరు పొట్ట మీదుంది, కంకి వేసే అదను. నేల నెర్రెలు విచ్చింది.

పక్క చేను రైతు వాకిట్లోకి వచ్చి అరిచాడు. "మీ మాట నమ్మానండీ అక్కగారూ! ఇప్పుడు నా పిల్లలకి ఏం పెట్టమంటారు?"

అత్తయ్య ఇంజను తెప్పించి, మురుగు కాలవలో మిగిలిన నీళ్ళు అతని చేనుకే ముందు తోడించారు. తన చేను వంతు వచ్చేసరికి కాలవలో బురదే మిగిలింది. అతని పంట నిలబడింది. ఆమెది గింజ పట్టక తాలుపోయింది.

నేను వెళ్ళేసరికి కంకులు అరచేతిలో నలుపుతూ కూర్చున్నారు.

"పద్ధతి మంచిదేనమ్మా. నీళ్ళు మన చేతిలో లేవుగా. అది చూసుకోకుండా ఇంకొకణ్ణి దింపాను" అన్నారు.

సంస్థవాళ్ళు మళ్ళీ రాలేదు. ఆమె మాత్రం ఏటా తన చేను ఆరగడుతూనే ఉన్నారు. ఇంకెవర్నీ రమ్మనలేదు. ఇప్పుడెవరు జమ వేస్తారత్తయ్యా అంటే, "తెలిశాక ఊరుకోలేనే" అన్నారు. అయితే ఆ పొట్టమీది పైరు సంగతి ఎత్తితే కంచం పక్కకి జరిపి లేచేవారు.

ఆమెకు పిల్లల్లేరు. మామయ్య తరఫువాళ్ళు చేనును చేపల చెరువుకు లీజుకిచ్చారు. వద్దన్నాను. నా మాట నెగ్గలేదు.

మొన్న వెళ్తే పక్క చేను రైతు గట్టు మీద నిలబడి ఉన్నాడు. "కౌలుకి నాకిమ్మన్నానండీ. అక్కగారిలాగే ఆరగట్టి చేస్తానన్నాను. వినలేదండీ" అన్నాడు.

పొక్లెయిన్ మట్టి తవ్వి చుట్టూ గట్టుగా పోస్తోంది. ఆ మట్టిలో వరి దుబ్బులు తలకిందులై, తెల్లటి వేళ్ళు పైకి పెట్టుకుని ఎండలో ఉన్నాయి.