అక్షింతలు ఉడికిన బండి

కల్యాణమండపాల తివాచీలు కడిగే బండి నర్సీపట్నం వచ్చింది రెండువేల సంవత్సరం దాటాకే. చిన్న లారీ మీద ఇంజను, వేడినీళ్ల ట్యాంకు, మురికినీళ్ల ట్యాంకు, గాలిని లాగే బ్లోయరు. ఒక గొట్టం వేడినీళ్లు చిమ్ముతుంది, ఇంకొకటి వాటిని మురికితో సహా వెనక్కి పీల్చేస్తుంది. యలమంచిలి రోడ్డు మీద తిప్పుకునే జీపు అమ్మేసి మా బావమరిది దీన్ని సెకండ్‌హ్యాండులో కొన్నాడు. మెకానిక్కును నేను. బడికెళ్లినవాణ్ణి కాను, పొట్లాలకు అమ్మేసిన పాఠ్యపుస్తకాలు కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి.

మొదటి పెళ్లి తివాచీకే బండి మూలిగింది. బ్లోయరు ముందుండే జాలీ ఫిల్టరు విప్పితే పసుపుపచ్చని ముద్ద. మా ఆవిడ వాసన చూసి, "ఏటండీ, లోపల అన్నం గానీ వండేస్తన్నారేటి?" అంది. నిజమే. తివాచీలో ఇరుక్కున్న అక్షింతలు వేడినీళ్లకు ఉబ్బి, ట్యాంకులో సగం ఉడికి, జాలీకి జిగురులా పట్టేశాయి.

విశాఖలో బండి అమ్మినాయనకు ఫోన్ చేశాం. "మెషిన్లో లోపం లేదండీ. పెళ్లిళ్లలో అక్షింతలు వేయొద్దని చెప్పండి," అన్నాడు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎక్కడో పైదేశపు ఇళ్లలో కుక్కబొచ్చు ఆపడానికి చేసిన జాలీకి మన పెళ్లిళ్లు సర్దుకోవాలట!

ఇంకోసారి అలా మూసుకుపోతే బ్లోయరు బిగుసుకుపోతుంది. అది పోతే బావమరిదికి బండీ లేదు, జీపూ లేదు. మర్నాడే ఇంకో మండపం ఒప్పుకున్నాడు. సాయంత్రం అక్కడ పెళ్లి.

"గంజి వార్చినప్పుడు సిబ్బి ఎక్కడెడతారండీ? గిన్నె మూతికే కదా. మీ బండికేటి, కడుపులో ఎట్టేరు?" అంది మా ఆవిడ, తన చిల్లుల సిబ్బి నా చేతిలో పెడుతూ.

పొద్దున్నే మండపంలో, ఆ సిబ్బిని ఒక నూనెడబ్బాలో అమర్చి, సైకిలు ట్యూబు ముక్కతో మూత బిగించి, పీల్చే గొట్టానికి మధ్యలో తగిలించాను. మురికి ముందు డబ్బాలో వడకట్టుకుని, తర్వాతే ట్యాంకుకు వెళ్లాలి. బావమరిది బ్లోయరు వేశాడు. గొట్టం మూతి తివాచీకి ఆనిందో లేదో, మా కళ్లెదుటే డబ్బా ఫెళఫెళమని లోపలికి నలిగిపోయింది.

"ఎవులు తొక్కినారు బావా?" అంటూ బావమరిది వెనక్కి గెంతాడు.

ఎవరూ తొక్కలేదు. గాలికి బరువుందని పొట్లం కాగితంలో చదివి, పంతుళ్ల కబుర్లు అని విసిరేసినవాణ్ణి. లోపలి గాలి లాగేస్తే బయటి గాలి, మనం పీల్చి వదిలే ఈ గాలే, రేకును అప్పడంలా నలిపేసింది. ఇన్నాళ్లూ ఇంత బరువు కిందా నేను తిరుగుతున్నది? నా చేతులు నేనే చూసుకున్నాను. విశాఖాయన మీది కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"సూసింది సాల్లే బావా, బేగి కానీ! పెళ్లోరొచ్చేత్తారు."

మాకవరపాలెం నుంచి పాలు తెచ్చే ఆయన్ని బతిమాలి పాత క్యాను పట్టుకొచ్చాం. గుండ్రటిది, మందపాటిది. అదే సిబ్బి, అదే ట్యూబు. బ్లోయరు వేయగానే మూత తనంతట తానే బిర్రుగా కూర్చుంది. నేను లాగాను, రాలేదు. ఇద్దరం కలిసి లాగాం, రాలేదు. క్యాను మాత్రం కిమ్మనలేదు.

తివాచీ అంతా అయ్యేవరకూ బ్లోయరు గొంతు మారలేదు. ఇంజను ఆపగానే మూత వేలితో ఎత్తితే వచ్చేసింది. సిబ్బి నిండా పాత పెళ్లిళ్ల పసుపు మెతుకులు, పూలరేకులు, ఎవరి జడదో పిన్ను. లోపలి జాలీ విప్పి బావమరిది ఎండలోకి ఎత్తి పట్టుకున్నాడు. చిల్లుచిల్లులోంచీ ఆకాశం కనిపించింది.

సాయంత్రం తాళి కడుతుంటే ఆ తివాచీ మీద అక్షింతలు వానలా కురిశాయి. "ఎయ్యండి, ఇంకా ఎయ్యండి!" అంటున్నాడు బావమరిది, పెళ్లికొడుకు తరఫువాడిలా. నేనూ గుప్పెడు వేశాను. అందరూ పెళ్లికూతుర్ని చూస్తున్నారు. నేను మాత్రం ఆ గింజలు పడుతున్న గాలిని చూస్తూ నిలబడిపోయాను.