తలుపు వెనక ఉపవాసం

బేతంచెర్లలో బండల పాలిషు ఫ్యాక్టరీ నుంచి దేవదానం ఇంటికొస్తే వీధికంతా తెలిసేది. ఒంటినిండా తెల్లటి రాతిపొడితోనే అరుగు మీద కూర్చొని, బండ మీద వేళ్లతో దరువు వేసేవాడు. పిల్లలు చుట్టూ చేరి గంతులేసేవాళ్లు. ఆదివారం చర్చిలో తబలా కూడా ఆయనదే. ఆ సాయంత్రాలు తలచుకుంటే ఇప్పటికీ నా కాలు తాళం వేస్తుంది.

పోయిన ఏడు ఈస్టరుకు ముందు ఉపవాస దినాల్లో ఆ దరువు ఆగిపోయింది. దేవదానం ఇంటికి రాగానే గది తలుపుకు గడియ పెట్టుకునేవాడు. కిటికీకి పేపర్లు అంటించాడు. "ఉపవాస ప్రార్థనలో ఉండాడు, కదిలించొద్దు" అంటూ అందరూ ఆ ఇంటి ముందు గొంతు తగ్గించి నడిచారు. మా వీధికి భక్తి కనబడిందంటే ఇంకేమీ కనబడదు.

ఈస్టరు వెళ్లిపోయింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"ఇది భక్తి కాదు, భయం" అంది భార్య సువార్తమ్మ. గడియ ఊడేలా తోసి లోపలికి పోయింది. "మెల్లగా మాట్లాడు, గోడ అవతల వాళ్లు ఇంటాండారు" అని ఆయన గోడ వైపు వేలు చూపించాడు. ఎవరూ లేరని వాదించకుండా ఆమె ఆయన పక్కన కూర్చుంది. మర్నాడు కర్నూలులో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయింది.

మందులతో మనిషి కుదుటపడ్డాడు. దరువే ఇంకా పూర్తిగా రాలేదు. ఈ ఏడు ఉపవాస దినాల్లో ఆయన మళ్లీ తలుపు మూసుకుంటే, వీధంతా వచ్చి తట్టింది.

"ప్రార్థన చేసుకుంటాండా లేప్పా!" అన్నాడు లోపలి నుంచి.

"చేసుకోప్పా. అయిందాకా మేం ఈడే అరుగు మీద కూర్చొనుంటాం."